పొలమ్మత్త పుట్టింటి దారి

సింగ్రుకి దారిపాట మొత్తం వచ్చు. అతని బాధంతా అదే.

వచ్చినవాణ్ణి పాడనివ్వాలి కదా! గుమ్మయ్య తాత పాడనివ్వడు. గూడెంలో ఎవరు పోయినా శవం తలాపున తాతే కూర్చుంటాడు. సింగ్రు వెనక కూర్చుని వంత పాడాలి. తాత గొంతు చూస్తే ఎండిన వెదురు చీల్చినట్టుంటుంది. సింగ్రు గొంతెత్తితే పోడు చేలో పని చేసుకునే ఆడవాళ్లు గొడ్డళ్లు దించి వింటారు. మంచి గొంతున్నవాడు ముతక గొంతుకి వంత పాడుతూ ఏళ్లు గడపడం ఎంత కష్టమో అది పడ్డవాడికే తెలుస్తుంది.

వీళ్లు దారిబిడ్డలు. తమని తాము అలాగే పిలుచుకుంటారు. ఏ కాలం నాటి మాట అని అడిగితే నేను చెప్పలేను. తూర్పు కనుమల్లో ఒక గట్టు మీద గుప్పెడు ఇళ్లనుకోండి. పోడు కొట్టి చోళ్లనే రాగులు, సామలు, కందులు చల్లుకుంటారు. నేల అలిసిపోయిందంటే దాన్ని అడవికి వదిలేసి పక్క కొండకి జరుగుతారు. అలా జరుగుతూ జరుగుతూ, తాతల తాతల నాటి నుంచి ఎక్కడినుంచో ఇక్కడిదాకా వచ్చారు. సంతకి దిగితే దిగువ ఊళ్లవాళ్లు ఎకసెక్కాలాడతారు. మీకో ఊరుందా, ఓ మూలముందా, చెట్లు నరుక్కుంటూ వచ్చినవాళ్లేగా అంటారు. దారిబిడ్డల దగ్గర పట్టాల్లేవు, రాతి మీద రాతల్లేవు. పాటొక్కటే ఉంది.

మనిషి పోతే ఆ పాట పాడతారు. వచ్చిన దారి వెంట ఆ మనిషిని వెనక్కి తీసుకెళ్లి, అందరూ మొదట బయల్దేరిన చోట దిగబెడతారు. అది ఒక కొండ చరియ కింద రాతి గుహట. చూసినవాళ్లెవరూ లేరు. దాన్ని వాళ్లు పుట్టిల్లు అంటారు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకీ అదే పుట్టిల్లు. పొద్దున్న ఎండ గట్టెక్కగానే పాట మొదలవుతుంది. మనిషి పుట్టింటికి చేరిందని పాటగాడు చెప్పేదాకా పాడె లేవదు. మధ్యలో వదిలేస్తే ఆ మనిషి ఇటు మనలోనూ ఉండదు, అటు వాళ్లలోనూ కలవదు. ఏ కొండ మీదో ఒంటరిగా ఉండిపోతుంది. దారిబిడ్డలకి చావంటే అంత భయం లేదు. ఇదొక్కటే భయం.

పాటలో కొండకొక పేరు, పేరుకొక కథ. ఊరి దిగువన పారే గెడ్డ దాటితే జీలుగుబోడి. రాజుగారి మనుషుల నుంచి పారిపోయి వచ్చిన రోజు అక్కడే మొదటిసారి జీలుగు కల్లు తాగి, బతికాం రా దేవుడా అని ఏడ్చారు. దాని తర్వాత ఎలుగుబండ. ఆ తర్వాత చోడికొండ. తేనె ఇస్తే బదులుగా వేరే జనం ముసలమ్మ ఒకతె చోడి విత్తులు కొంగున కట్టి ఇచ్చింది అక్కడే. ఆ పైన అమ్మోరు లోయ, సగం మందిని మసూచి తీసుకుపోయిన చోటు. అక్కడ ఎవరూ కూర్చోరు. లోయ దాటితే కుమ్మరిపిల్ల రేవు. ఏటి ఒడ్డున కుండతో ఒంటరిగా దొరికిన పిల్లని తమతో తెచ్చుకున్నారు. సింగ్రు వంశం ఆ పిల్లదే. ఇలా ఇంకా ఎన్నో కొండలు. సింగ్రుకి ఒక్క పేరు తప్పదు, ఒక్క కథ జారదు.

తప్పేదల్లా తాతే. కొండకీ కొండకీ మధ్య ఏవో పొల్లు ముక్కలు కలుపుతాడు.

"కూకో తల్లీ కూకో, రాయి సల్లగున్నాది. తాగు తల్లీ తాగు, గెడ్డ తేటగున్నాది. నానున్నాను, నానెక్కడికీ పోను."

పోనీ, అవైనా ఒక లెక్కలో ఉంటాయా అంటే లేదు. ఒకసారి గెడ్డ దగ్గరే పది సార్లు కూకోమంటాడు. ఇంకోసారి ఒక్కసారీ అనడు. కల్లు మరిగిన ముసలాయన పోయినప్పుడు జీలుగుబోడి మీద ఎంతసేపు ఆపాడో, ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేశారు. పసిబిడ్డ పోయినప్పుడు కూకో అన్న మాటే లేదు, దారంతా సంకనెక్కు సంకనెక్కు అనే పాడాడు.

"అవెలా నేర్సుకోవాల తాతా?" అని సింగ్రు ఒకసారి అడిగాడు.

"అవి నేర్పేవి కావురా" అన్నాడు తాత.

నేర్పేవి కావంటే నేర్చుకోదగ్గవి కావని సింగ్రు అర్థం చేసుకున్నాడు. ముసలాయనకి దమ్ము చాలక మధ్యలో ఊపిరి పీల్చుకోడానికి పెట్టుకున్న ముక్కలవి. తనకేం, తన ఊపిరి దివ్యంగా ఉంది.

ఆ ఏడు చలికి తాత ఛాతీ పట్టేసింది. మాట మాటకీ దగ్గే. సరిగ్గా అప్పుడే పొలమ్మత్త పోయింది.

పొలమ్మ సింగ్రుకి మేనత్త. తల్లి లేని పిల్లాణ్ణి తన కూతురు సుక్కమ్మతో పాటు పెంచింది. వయసులో ఉండగా కట్టెల మోపుతో జారిపడితే ఎడమ మోకాలు బిగుసుకుపోయింది, మళ్లీ వంగలేదు. సంతకి అందరితోనే బయల్దేరేది. ఆవిడ దిగేసరికి అంగళ్లు ఎత్తేస్తుండేవారు. "పొలమ్మొచ్చింది, ఇంక ఇంటికెల్దాం" అని జనం నవ్వేవారు, ఆవిడా నవ్వేది.

సింగ్రు తాత ఇంటికి పరుగెత్తాడు. కళ్లు ఏడ్చి ఎర్రబడ్డాయి. ఆ ఏడుపు నిజం. ఏడుపు కింద ఇంకొకటి కూడా కదిలింది, అదీ నిజం. ఇక పాడేది తనే.

తాత దగ్గుతూ లేచి కూర్చున్నాడు. చాలాసేపు అతని మొహంలోకి చూశాడు.

"పొలమ్మని జాగర్తగా తీసుకెల్లు" అన్నాడు. అంతే అన్నాడు.

మర్నాడు ఎండ గట్టెక్కగానే సింగ్రు అత్త తలాపున కూర్చుని గొంతెత్తాడు. ఏం పాడాడని! పక్క గూడెం వాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడిపోయారు. కొండ వెనక కొండ లేచి నిలబడింది. రాజుగారి మనుషులు తరుముతుంటే గుండెలు దడదడలాడాయి. చోడి విత్తులు ముసలమ్మ కొంగులోంచి జారుతుంటే ఆడవాళ్లు కొంగులు పట్టినంత పని చేశారు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. సూర్యుడు నడినెత్తికి రాకముందే సింగ్రు పుట్టింటి గుమ్మంలో నిలబడి "సేరినాది తల్లీ, తలుపు తియ్యండి" అని ముగించాడు.

జనం నోళ్లు వెళ్లబెట్టారు. తాత పాడితే పొద్దు వాలేది. గూడెం పెద్ద దుబ్బులు లేచి వచ్చి సింగ్రు భుజం తట్టాడు. "మా నాయనే! ఇలాటి పాట నాను పుట్టాక ఇనలేదురా. ఈరోజు నుంచి నువ్వే మా పాటగాడివి" అన్నాడు.

సింగ్రుకి నేల మీద కాలు ఆనలేదు. చెప్పేస్తున్నాను, ఆ ఘడియలో అతనికి అత్త గుర్తు లేదు.

పాడె మోసేవాళ్లు నడుం బిగించారు. అప్పుడు తాత వచ్చాడు. దుప్పటి కప్పుకుని, కర్ర ఊతంగా, ప్రతి రెండడుగులకీ ఆగి దగ్గుతూ వచ్చాడు. జనం దారిచ్చారు. తాత పాడె చూశాడు, ఎండ చూశాడు, సింగ్రుని చూశాడు.

"పొలమ్మ ఎక్కడున్నాదిరా?"

"సేరిపోనాది తాతా. పుట్టింట్లో దిగబెట్టీసినాను."

"అప్పుడేనా?"

"అప్పుడే" అన్నాడు సింగ్రు. అందులో గర్వం ఎంత దాచుకున్నా దాగలేదు.

తాత కర్ర పక్కన పెట్టాడు. ఇంటి చూరులోంచి రెండు వెదురు దబ్బలు లాగాడు. పాడె కట్టగా మిగిలిన అడ్డనార తీసుకున్నాడు. సింగ్రు ముందు కూలబడి, అతని ఎడమ కాలు చాపించి, మోకాలికి అటో దబ్బ ఇటో దబ్బ పెట్టి బిగించి కట్టాడు. ఎందుకని సింగ్రు అడగబోతే తాత దగ్గు తెర అడ్డొచ్చింది. దగ్గు తగ్గాక తాత ఒక ఖాళీ ముంత అతని చేతికిచ్చాడు.

"దింపుడు నీల్లు కావాల. గెడ్డకెల్లి పట్రా."

పాడె లేచే ముందు శవం నోట్లో గెడ్డ నీళ్లు పోయడం ఆచారం. కానీ కాలు కట్టేసి నీళ్లు తెమ్మనడం ఏ ఆచారంలోనూ లేదు. జనం ముసిముసిగా నవ్వారు. సింగ్రుకి తల కొట్టేసినట్టయింది. అయినా గురువు మాట. ముంత పట్టుకుని కాలీడ్చుకుంటూ దిగాడు.

ఆ గెడ్డ దారిలో సింగ్రు పుట్టినప్పటి నుంచీ పరిగెడుతూనే ఉన్నాడు. అది దారి అని ఎప్పుడూ అనుకోలేదు, ఇంటి వాకిలే అనుకున్నాడు. ఇవాళ మొదటి మలుపులోనే వాకిలి కొండయింది. వంగని కాలు పల్లంలో ముందుకి తోస్తుంది. మంచి కాలు రెండు కాళ్ల బరువు మోయాలి. ఒక వేరు దాటాలంటే పక్కకి తిరిగి, చేత్తో కాలు ఎత్తి అవతల పెట్టుకోవాలి. తాత మీద కోపం వచ్చింది. ఎంత బాగా పాడానో ఊరంతా విన్నది, ఈ ముసలాయన ఓర్వలేకపోయాడు అనుకున్నాడు. అనుకుంటూనే జారి పడ్డాడు.

లేవాలని చూస్తే నడుం సహకరించలేదు. పాక్కుంటూ వెళ్లి దారి పక్కన రాయి మీద కూర్చున్నాడు. రాయి చల్లగా ఉంది. చెట్టు నీడ పడుతోంది దాని మీద. మనిషి కూర్చునే చోట నున్నగా అరిగి ఉంది.

ఎవరు కూర్చుంటే అరిగిందో అప్పుడు తెలిసింది.

గూడెంలో ఇంకెవరూ ఈ దారిలో కూర్చోరు. నీళ్లకి దిగిన ప్రతిసారీ అత్త ఇక్కడ కూర్చునేది. తనేమో చిన్నప్పుడు కింద గెడ్డలో నిలబడి "రా అత్తా, రా, ఎంతసేపు!" అని అరిచేవాడు. "వస్తన్నాను నాయనా, నువ్వు పోతుండు" అనేది అత్త. తను పోతుండేవాడు. ఎప్పుడూ పోతూనే ఉన్నాడు. వెనక్కి ఎక్కి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్న రోజు ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు. లేదు.

"కూకో తల్లీ కూకో, రాయి సల్లగున్నాది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. విని తనే ఉలిక్కిపడ్డాడు.

 పొద్దున్న ఎండ గట్టెక్కినప్పటి నుంచి తను ఎన్ని కొండలెక్కాడు? ఎలుగుబండ ఒక్క ఊపులో దాటేశాడు. అమ్మోరు లోయ దూకేశాడు. వంగని మోకాలితో ఆ ముసలిది ఎక్కడ దాటగలదు? గుమ్మం దగ్గర నిలబడి తలుపు తియ్యమన్నప్పుడు పక్కన అత్త ఉందో లేదో ఒక్కసారి తిరిగి చూశాడా? పుట్టింటికి చేరింది తను. అత్త మొదటి గెడ్డ కూడా దాటలేదు. ఇక్కడే ఎక్కడో కూర్చుని, నువ్వు పోతుండు నాయనా అంటోంది. ఇంకాసేపట్లో పాడె లేస్తుంది.

సింగ్రు పెద్దగా ఏడ్చాడు. ఆ ఏడుపులో గర్వం లేదు, పాటగాడూ లేడు. తరువాత మొహం తుడుచుకుని లేచాడు. కట్టు విప్పుకుంటే పరుగున పోయి రావచ్చు. విప్పుకోలేదు. గెడ్డలోకి దిగాడు, ముంత నింపుకున్నాడు, ఎక్కడం మొదలుపెట్టాడు. అలిసిన చోటల్లా కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ ఎక్కాడు. ఎదురొచ్చిన కుర్రాడెవడో ముంత అందుకోబోతే తల అడ్డంగా ఊపాడు.

పైకి వచ్చేసరికి ఎండ పడమటికి వాలింది. మోసేవాళ్లు పాడెకి అటూ ఇటూ నిలబడి ఉన్నారు.

"ఎంతసేపురా!" అన్నాడు దుబ్బులు. "నీల్లు పొయ్యి. లేపుదాం."

సింగ్రు ముంత అత్త తల దగ్గర పెట్టి, కాలు చాపుకుని తలాపున కూలబడ్డాడు.

"లేపొద్దు మావా. మల్లీ పాడాల."

"పాటయిపోనాది కదరా!"

"నాను ఎలిపోనాను. అత్త రానేదు."

 సుక్కమ్మ ఏడుపు ఆపి తలెత్తింది. దుబ్బులు మొహం నల్లబడింది. అందరి ముందూ పొగిడి భుజం తట్టినవాడాయన.

"ఒక మనిసికి రెండు సార్లు పాట ఎక్కడైనా ఉన్నాదా? పొద్దుగూకితే పాడె లేపకూడదు. శవాన్ని రేపటిదాకా ఉంచమంటావేటి?"

"రేపు కాకపోతే ఎల్లుండి. సేరేదాకా."

"జనాల్ని ఆటపట్టిస్తన్నావా? పొద్దున్న సేరిందని నువ్వే సెప్పినావు. ఇప్పుడు నేదని నువ్వే సెప్తన్నావు. ఇలాటి నోటిని మేమెలా నమ్మాల? నువ్వింక ఈ గూడెంలో పాటకి పనికిరావు."

నిన్న ఆ మాట విని ఉంటే సింగ్రు చచ్చిపోయేవాడు. ఇప్పుడు కూడా దెబ్బ గట్టిగానే తగిలింది. 

"సరే మావా. అత్త సేరినాక నన్ను తీసీయండి. మరి పాడను. ఇప్పుడు మాత్రం పాడె మీద సెయ్యెయ్యకండి."

దుబ్బులు తాత వైపు చూశాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు. తాత దుప్పటిలో ముడుచుకుని గోడకి ఆనుకున్నాడు. 

సుక్కమ్మ లేచింది. వచ్చి తల్లి కాళ్ల దగ్గర, పాడె కర్ర మీద చెయ్యేసి కూర్చుంది. "పాడు సింగ్రూ" అంది. "మా యమ్మ ఎప్పుడు తొరగా సేరింది గనక!"

ఎవరో నవ్వబోయి ఏడ్చారు.

సింగ్రు పాట ఎత్తుకున్నాడు. పొద్దుటి గొంతు కాదది. మొదటి మలుపు దగ్గరే ఆగాడు. వేరుంది తల్లీ, పక్కకి తిరుగు, కాలు నానెత్తుతాను అని పాడాడు. అది పాటలో ఎక్కడా లేదు, తాత నోట కూడా ఎవరూ వినలేదు. రాయి దగ్గర కూకోమన్నాడు. పాట ఆపి తనూ ఊరుకున్నాడు. గాలి వినిపించింది. లే తల్లీ అన్నాడు. గెడ్డలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి, నా భుజం పట్టుకో అన్నాడు. జీలుగుబోడి ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో! పొద్దున్న అందరి గుండెలూ అదరగొట్టిన రాజుగారి మనుషుల కథ ఇప్పుడు నెమ్మదిగా, ఒక మనిషి దమ్ము తీసుకుంటుంటే పక్కవాడు చెప్పే కబురులా సాగింది. ఒక ముసలాయన తెలియకుండానే తన మోకాలు పట్టుకుని ఒత్తుకున్నాడు. మోసేవాళ్లు నడుముకి బిగించిన గుడ్డలు వదులు చేసుకున్నారు.

ఎండ గట్టు దిగుతోంది. నీడలు ఇళ్ల మీదికి వచ్చాయి. పాట ఎలుగుబండ కిందికి చేరింది. అది నిలువు ఎక్కుడు. సింగ్రు ఒక పాదం పాడాడు, ఇంకో పాదం పాడాడు.

"నొస్తన్నాదా తల్లీ? కూకో. నానున్నాను. నానెక్కడికీ పోను."

పాట ఆగింది.

ఆగి, అలాగే ఉండిపోయింది. సింగ్రు కళ్లు మూసుకున్నాడు. ఒక చెయ్యి గాలిలో పక్కకి చాచి ఉంది, దాన్ని ఎవరో పట్టుకున్నట్టు. పిల్లలు కూడా కదలలేదు. ఎండ చివరి చారిక గట్టు మీద నుంచి పోయింది. దుబ్బులు కాసేపు ఓర్చుకున్నాడు. తరువాత తాత దగ్గరికి నడిచి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇలా ఎంతసేపు తాతా?"

గుమ్మయ్య తాత సింగ్రు మీంచి చూపు తిప్పలేదు. దుప్పటి కొంచెం జరిపి, పక్కన దుబ్బులుకి చోటిచ్చాడు.

"ఆమె లేసేదాకా" అన్నాడు.